వెలుతురు గీతలో గాటు

"ఏయ్ పెద్దాయనా, చెయ్యి తియ్."

పరిశోధక విద్యార్థి కేకకు తోటమాలి ఉలిక్కిపడి లేచాడు. భుజం మీద ఉండాల్సిన తువాలు చేతిలో ఉంది.

అతను తాకింది మొక్కల మధ్య కర్రకు బిగించిన అరచేతంత పెట్టెని. కాలేజీ తోటలో అలాంటివి నలభై. నేల తడినీ ఎండనూ కొలిచి, వైరు లేకుండా ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ గదిలోని కంప్యూటర్‌కి చేరవేస్తాయి. మూత మీది పలక ఎండ నుంచి కరెంటు తీసుకుంటుంది, వెలుతురు కొలిచేదీ అదే.

"పాడుచేయలేదు బాబూ. ఊరికే..."

"ఆ ఊరికేనే వద్దంటున్నా. మనిషి చెయ్యి పడకుండా ఏళ్ల తరబడి పనిచేస్తాయని రాశాను. నీ చెయ్యి పడిందని తెలిస్తే నా డిగ్రీ గోవిందా."

"అట్లాగా. తెలీదు బాబూ."

ఆ సాయంత్రమే తోట కాంట్రాక్టరుకి రెండు వాక్యాల ఫిర్యాదు వెళ్లింది. మర్నాటి నుంచి ముసలాయన లేడు.

"వెళ్తూ మీకో మాట చెప్పమన్నాడు సార్," అన్నాడు వాచ్‌మన్. "చివరి పెట్టె మీద పిట్ట వాలుతోందట. కాస్త చూసుకోమన్నాడు."

"ఇక పిట్టల్ని కూడా నేనే తోలాలా?" నవ్వేసి వెళ్లిపోయాడు విద్యార్థి.

ఆ వారం గైడు మేడమ్ అతని కొలతల కాగితాలు తిరగేసింది.

"పధ్నాలుగు నెలలు ఒక్కటీ ఆగలేదు. బాగుంది. మరి ఎండ గ్రాఫు గీతలో రోజూ పొద్దున ఈ గాటేమిటి? వెలుతురు ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేస్తోంది."

"యంత్రం పొరపాటు మేడమ్. థీసిస్‌లో అవన్నీ తుడిచేశాను."

"సరే. వచ్చే నెల పరీక్షకులకి తోటలోనే చూపించు."

మూడు వారాలకి తొమ్మిదో పెట్టె మూగబోయింది. దాని ద్వారా మాట్లాడే నాలుగూ దాని వెనకే, ఆ తర్వాత రోజూ మరికొన్ని. పరీక్షకులు రావడానికి ముందురోజు నలభైలో మిగిలినవి పదకొండు.

"ముసలాడు కసికొద్దీ ఏదో చేసిపోయాడక్కా," అన్నాడు పక్క బల్ల సీనియర్‌తో.

"వెళ్లి చూశావా, కుర్చీలోంచే తిడుతున్నావా?"

వెళ్లాడు. పెట్టెలు బిగించాక అతను తోటలోకి వెళ్లింది వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

తొమ్మిదోదాని పలక మట్టిరంగులో ఉంది. చివరిదాని మీద పిట్ట రెట్ట గట్టిపడింది. చొక్కా అంచుతో రుద్దాడు. కాసేపు ఎండ తగిలాక లోపలి పచ్చదీపం మిణుక్కుమంది.

కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు.

"ఆయనా? మీరే కదండీ వద్దని రాశారు. ఎక్కడికెళ్లాడో తెలీదు. ఫోన్ లేదాయనకి."

"పేరేమిటి?"

"రిజిస్టరు చూడాలి."

గదికొచ్చి, తను తుడిచేయక ముందటి ఫైలు తెరిచాడు.

మొదటి పెట్టెలో గాటు ఏడింటికి. రెండోదాంట్లో ఏడూ ఒకటికి. అలా నడుస్తూ నలభయ్యోదాని దగ్గరికి చేరేసరికి ఏడూ నలభై కావస్తోంది. వానాకాలంలో ఒక రెండ్రోజులు గాట్లు లేవు, ఒంట్లో బాగోలేనట్టు. మూడోరోజు గాట్లు మళ్లీ ఉన్నాయి, కాస్త ఆలస్యంగా, కాస్త నెమ్మదిగా.

ఫిర్యాదు పంపిన మర్నాటి నుంచి ఒక్కటీ లేదు.

బల్ల మీద థీసిస్ ఉంది. మొదటి పేజీలోనే ఉంది, 'మనిషి చెయ్యి పడకుండా' అన్న మాట.

పొరపాటని అతను ఒక్కొక్కటే ఏరి పారేసిన ఆ చిన్న చీకటి, పధ్నాలుగు నెలలు రోజూ నలభై పలకల మీదా తువాలుతో దుమ్ము తుడిచిన ముసలాయన చేతి నీడ.