గ్రాముకు గ్రాము

బరువు చూసే మిషను మీంచి దిగకుండానే తమ్ముడు మెడ తిప్పి, ఇంకో కిలో పోయిందని చెప్పాడు. కుర్చీలో కూర్చున్న అక్క పచ్చబడ్డ కళ్ళతో వాణ్ణి ఎగాదిగా చూసి, బుగ్గలు కూడా పోయాయిరా బొద్దూ, అంది.

ముప్పై దాటినా ఆమె నోట వాడి పేరు బొద్దూయే. తల్లీ తండ్రీ వెనకా ముందుగా పోతే, అక్క మిషను తొక్కి బట్టలు కుట్టి వాణ్ణి పెంచింది. తను తిన్నా తినకపోయినా వాడి కంచం నిండేది. ఇప్పుడు వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పెళ్ళయింది, అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్న కూతురుంది. మొగుడు పోయిన అక్క కూడా ఆ ఇంట్లోనే ఉంటోంది.

అక్క లివర్ పూర్తిగా పాడైపోయింది. ఎవరైనా తమ లివర్లో ముక్క కోసిస్తే తప్ప బతకదు. పరీక్షలన్నీ చేస్తే సరిపోయింది తమ్ముడొక్కడికే. తీరా చూస్తే వాడి లివర్‌కి కొవ్వు పట్టి ఉంది. ఆ కొవ్వు కరిగితేనే కత్తి పట్టుకుంటానంది డాక్టరమ్మ.

"చూశావా, ఒకప్పుడు నేను కుక్కి కుక్కి పెట్టిన తిండే ఇప్పుడు నాకు అడ్డమొచ్చింది" అని అక్క నవ్వింది. ఆ నవ్వుకి ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ రోజుకిన్ని కేలరీలని లెక్క కట్టి ఇచ్చింది. పొద్దునా రాత్రీ తిండి మానేసి, కండకి బలమిచ్చే ప్రోటీన్ పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి. మధ్యాహ్నం మాత్రం పనికి పట్టుకెళ్ళే టిఫిన్ డబ్బాలో గుడ్లు, ఉడికించిన కూరలు. ఆ డబ్బా అక్కకి మరదలైన వాడి పెళ్ళాం సర్దేది. పొడి కలిపే పని అక్క ఎవరికీ ఇవ్వలేదు. నా కోసం వాడు కడుపు మాడ్చుకుంటుంటే ఆ గ్లాసన్నా కలిపివ్వలేనా, అని పట్టుబట్టింది. చిన్న కాటాలో తూచేది. ఒక్క గ్రాము ఎక్కువైనా వెనక్కి తీసేది. కంసాలి కూడా ఇంత కచ్చితంగా తూచడని తమ్ముడు వేళాకోళం చేసేవాడు. తియ్యగా వెగటుగా ఉందని మొహం చిట్లిస్తే, మందనుకుని మింగెయ్ అనేది.

వాడి వాదన వాడిది. కేలరీ ఎందులోంచి వస్తేనేం, కేలరీ కేలరీయే, లెక్క దాటకపోతే ఎంతటి కొవ్వయినా కరగాల్సిందే అని పనిచేసే చోట కూడా అందరికీ పాఠాలు చెప్పేవాడు. మిషను ముల్లు కిందికి దిగుతుంటే వాడికి ధైర్యం పెరిగేది.

మరదలికే ధైర్యం లేదు. ఆపరేషన్ గురించి చెప్పిన రోజున, ఆయనకేం కాదు కదా అని ఆమె డాక్టరమ్మని పట్టుకుని అడిగింది. డాక్టరమ్మ దాచలేదు. చాలామంది లేచి తిరుగుతారనీ, ఎక్కడో ఒకరు లేవరనీ, ఏ జబ్బూ లేని మనిషి పొట్ట కోస్తున్నప్పుడు ఆ మాత్రం భయం ఉండాల్సిందేననీ చెప్పింది. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో మరదలు పిల్లని గుండెకి అదుముకుని దారంతా ఏడ్చింది. తమ్ముడు విసుక్కున్నాడు.  అక్క మాత్రం పిల్ల పాదం చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మళ్ళీ స్కాన్ తీశారు. తెర మీది బొమ్మ చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది.

"బరువు తగ్గావు. కానీ తగ్గింది కండ. లివర్లో కొవ్వు అలాగే ఉంది, ఇంకాస్త పెరిగింది కూడా. చక్కెర తింటున్నావా?"

"లేదండీ. లెక్క దాటి ఒక్క మెతుకు తినలేదు."

"లెక్క సరే, అది దేన్నుంచి వచ్చిందయ్యా? పొడీ చక్కెరా గ్రాముకు గ్రాము ఇంచుమించు ఒకే కేలరీలు. కానీ పొడి కండని కాపాడుతుంది. చక్కెరలో సగం తిన్నగా లివర్‌కే పోతుంది."

 మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెడతానని వాడు బతిమాలాడు. నువ్వు ఆగగలవు, మీ అక్క ఆగలేదు, అంది డాక్టరమ్మ. ఆ వారమే అక్కని ఆస్పత్రిలో చేర్చారు. ఇక రోజులేనని వరండాలో మెల్లగా చెప్పారు.

ఇంట్లో తమ్ముడు ఖాళీ టిఫిన్ డబ్బా తెచ్చి పెళ్ళాం ముందు పడేశాడు. రోజూ అందులో ఏం కలిపి పెట్టావని అడిగాడు. ఆమె గుడ్లు, కూరలు తప్ప ఏమీ లేవంది. బస్సులో నువ్వు ఏడ్చింది నేను మర్చిపోలేదన్నాడు. ఆ పైన అన్న మాటలు ఏ మొగుడూ అనకూడనివి.

"మా అక్కని నువ్వే చంపుతున్నావు" అన్నాడు చివరికి. ఆమె తెల్లబోయి పిల్లని ఎత్తుకుని లోపలికెళ్ళింది.

ఆస్పత్రి మంచం మీద సంగతి విని అక్క, దాన్నేమీ అనకురా బొద్దూ, అని వాడి చెయ్యి పట్టుకుంది. ఇంకా దాన్నే వెనకేసుకొస్తున్నావా అని వాడు మంచం పట్టె మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె వాడి జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాడు మందుల కోసం కిందికెళ్ళినప్పుడు మరదలు ఒక్కతే వచ్చింది.  మంచం పక్కన కూర్చోమని అక్క సైగ చేసింది.

"ఆపరేషన్ ఆగిపోతే బాగుండునని లోపల్లోపల కోరుకున్న మాట నిజం, వదినా. ఆ పాపం నాదే. కానీ నా కూతురి మీద ఒట్టు, ఆయనకి నేను పలుకు చక్కెర కూడా పెట్టలేదు. మీరైనా నమ్ముతారా?"

అక్క గుమ్మం వైపు ఒకసారి చూసింది. తర్వాత మరదలి చేతిని జబ్బుతో ఉబ్బిన తన పొట్ట మీదికి లాక్కుంది.

"తెలుసమ్మా, వాడికి చక్కెర కలిపిచ్చింది నేనే."