నూరిన మందు

"నీ మందు పని చేయల్యా డాక్టరమ్మా. కడుపులో మంట అట్లనే ఉండాది. ఇంతకన్నా గట్టిది రాయి," అన్నాడు నాగసుబ్బయ్య. కర్నూలు పాతబజార్లో ఆయనది మూలికల కొట్టు.

డాక్టర్ మధులత పెన్ను ముట్టుకోలేదు. "ఎట్లా వేసుకుంటాండారు శెట్టిగారూ?"

"గొట్టం మాత్ర విప్పి, లోపలి గుళికలు కల్వంలో మెత్తగా నూరి, తేనెలో రంగరించి నాకుతాండా."

మధులత తల పట్టుకుంది. "కడుపులో పులుపు తగిలితే ఆ మందు చెడిపోతుంది. అందుకే గుళికల మీద పూత పూసేది. దాన్ని మీరు నూరేస్తే ఇంకేముంది?"

"నూరితేనే గదమ్మా మందుకు సత్తువ!"

పక్కనున్న భార్య కన్యకమ్మ ఊరుకోలేదు. "కొట్లో కర్పూరం డబ్బా మూత ఎవరన్నా తీసి పెడితే, సత్తువంతా పాయెనని కేకలేసేది ఎవరు?"



"పొద్దున టిఫినుకు అరగంట ముందు, గొట్టం విప్పకుండా నీళ్ళతో మింగండి. తగ్గకుంటే నా దగ్గరికి రండి. మీ అంతట మీరు ఎక్కువ వేసుకోవద్దు," అంది మధులత. "మీ బజారోళ్ళెవరికీ ఈ మందు పట్టడం లేదు. ఎందుకో నాకు అర్థమే కావడం లేదు."

నాగసుబ్బయ్య గబగబా లేచి తలుపు తీశాడు. బయట బెంచీ మీద అదే బజారు ఎస్టీడీ బూత్ మస్తాన్, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఏం శెట్టీ, ఈడున్నావా? మా గొట్టాలు నూరి పెట్టినావా?" అన్నాడు మస్తాన్.

"నూరల్యా. ఇంక నూరను. అందరూ లోపలికి రాండప్పా, డాక్టరమ్మ తిట్లు తలా ఇంత పంచుకుందాం!"