జిలేబీకి దిష్టి

"అమ్మా, నువ్వు కళ్ళు మూసుకో," అంటూ అనిక, గోరువెచ్చటి నీళ్ళలో మంచు వదిలించిన చచ్చిన ఎలుకను పటకారుతో ఎత్తి గాజుపెట్టెలోకి దించింది.

శశికళ మూసుకోలేదు. షికాగో పక్కన నేపర్‌విల్‌లోని ఆ ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప తొక్కదు. అలాంటిది, ఫ్రీజర్‌లో ఎలుకలేమిటని మొదట్లో పెద్ద రభసే చేసింది. ఇప్పుడు జిలేబీ అనే ఆ కొండచిలువ పిల్ల వారాల తరబడి పస్తులుంటే ఆమెకే ముద్ద దిగడం లేదు.

జిలేబీ మొహం తిప్పుకుంది.

"పోనీ, బతికున్న ఎలుకని వేస్తే?"

"నో అమ్మా, అది జిలేబీని బైట్ చేస్తుంది. వెట్ డాక్టర్ వద్దన్నాడు." అనిక అద్దానికి ముక్కు ఆనించి, "ప్లీజ్, తిను," అంది.

"తినేవాళ్ళని అలా గుడ్లప్పగించి చూస్తే దిష్టి తగలదుటే? దాన్నలా వదిలేసి రా."

ఎలుకను పెట్టెలోనే ఉంచి మూత బిగించారు. శశికళ పైన తువ్వాలు కప్పి, లైటార్పి, కూతుర్ని బయటికి లాక్కొచ్చింది.

కాసేపయ్యాక తువ్వాలు ఎత్తి చూస్తే ఎలుక లేదు. జిలేబీ పొట్ట ఉబ్బి ఉంది.

"అమ్మా, యూ ఆర్ ఎ జీనియస్."

ఆ గర్వంతోనే శశికళ అన్నం వడ్డించింది. అనిక ఎప్పటిలాగే మెతుకులు కెలుకుతోంది. శశికళ ఎప్పటిలాగే ఆ కంచంలోకి చూస్తూ, "అంతేనా? ఇంకాస్త..." అనబోయి, ఆగిపోయింది.

మొహం కిటికీ వైపు తిప్పుకుని, పక్కింటివాళ్ళ కుక్కను శ్రద్ధగా చూడసాగింది.

కొంతసేపటికి పప్పుగిన్నెలో గరిటె చప్పుడైంది. శశికళ తల తిప్పలేదు.