పక్క శీర్షిక కింద

టక్, టక్... టక్.

గాజు తలుపు అవతల ఎవరో గోటితో బల్ల మీద తాళం వేస్తున్నారు. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా. ఆ చప్పుడు విని డిజైనర్ కలానికి మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"వచ్చిందండీ మీ ఫిర్యాదు," అంది టెస్టరమ్మ. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ పేరు ఆఫీసంతా కలిసి పెట్టినది. "కస్టమర్ అంటేనే ఆమడ దూరం పరుగెత్తే మనిషి, ఆ మెయిల్ చూడగానే నేనే మాట్లాడతానన్నారు. ఏమిటి కథ?"

"తప్పు నాది కదా," అన్నాడు.

తప్పు ఆయనదే. పుస్తకాలు రాసుకునేవాళ్ల కోసం తయారైన సాఫ్ట్‌వేర్ అది. తెరకు ఎడమ పక్కన శీర్షికలు. ఒక్కో శీర్షిక కింద, ఎప్పటికప్పుడు రాసి దాచుకున్న చీటీలు. ఆఫీసు భాషలో పైది తల్లి, కిందివి పిల్లలు. తల్లి శీర్షికను ఎవరైనా చెరిపేస్తే పిల్ల చీటీల గతేమిటి? ఈ ఒక్క ప్రశ్న మీద రెండు వారాలు వాదించుకున్నారు. వాటినీ చెరిపేద్దామన్నారు కొందరు. విడిగా కుప్ప పోద్దామన్నారు కొందరు. దిక్కులేకుండా వదలకూడదని ఈయన పట్టుబట్టాడు. పక్క శీర్షిక కింద చేర్చేద్దాం. చప్పుడు కాకుండా, ఎవరినీ కంగారు పెట్టకుండా.

"ఒంటరి మనిషి, మీకెందుకండీ ఈ తల్లీపిల్లల తాపత్రయం!" అని ఆనాడే నవ్వింది టెస్టరమ్మ. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన ఒక్కడేనని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఫిర్యాదు పంపిన అమ్మాయి లోపలికి వచ్చింది. పాతికేళ్లుంటాయి. కూర్చోకుండానే ల్యాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. చిన్నవాళ్లందరినీ 'అమ్మా' అని పిలిచే మనిషికి ఇవాళ ఆ మాట నోట రాలేదు.

"చెప్పండి," అన్నాడు, కీబోర్డు మీటల వంక చూస్తూ.

"ఏటి మీద పుస్తకం సార్. ఒక అధ్యాయం రేవు, ఇంకోటి వంతెన. 'రేవు' అన్న పేరు నచ్చక చెరిపేశాను, వేరే పేరు పెడదామని. దాని కింద నూట నలభై మూడు చీటీలు. పడవవాళ్లు చెప్పిన మాటలు. అన్నీ వెళ్లి వంతెన కింద కూర్చున్నాయి. పది రోజుల తర్వాత గానీ నేను చూసుకోలేదు. ఇప్పుడు నా పుస్తకంలో వంతెన మేస్త్రీ తెడ్డేస్తున్నాడు!"

టెస్టరమ్మ కిసుక్కున నవ్వి, చటుక్కున నోరు మూసుకుంది. డిజైనర్ నవ్వలేదు.

"సోమవారం ప్రెస్సుకివ్వాలి. ఏ మాట ఎవరిదో తేలకపోతే ఇవ్వను. మళ్లీ వెళ్లి అడుగుదామంటే ఆ పడవవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు."

"చీటీలు పోలేదు కదా..." ఆయన కలం మూత తిప్పాడు. "పక్కన క్షేమంగా ఉంటాయనుకున్నాను."

"క్షేమంగానే ఉన్నాయి సార్, ఎవరు కాదన్నారు? పోతే ఒకసారి ఏడ్చి ఊరుకునేదాన్ని. ఉన్నాయి. అక్కడే పుట్టినట్టు ఉన్నాయి. అదే నా బాధ." గోరు మళ్లీ బల్ల మీద తాళం వేసింది. "నేను పెద్దమ్మ ఇంట్లో పెరిగినదాన్ని. వేరేవాళ్ల బీరువాలో ఒక అర ఎలా సర్దుకోవాలో నాకు తెలుసు. పాపం, చీటీలకేం తెలుసు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ప్రతి చీటీకీ పుట్టినచోటు గుర్తు ఉంటుంది. లోపల. పైకి చూపించం."

"గుర్తుంటుంది, చూపించరు. అంతేనా?"

"అంతే."

"ఎందుకట?"

"చూపిస్తే... చేర్చుకున్నచోట ఇమడవేమోనని."

టెస్టరమ్మ తల తిప్పి చూసింది. ఆనాటి సమావేశంలో ఆయన చెప్పిన కారణం ఇది కాదు.

గంటన్నర పట్టింది. లోపలి గుర్తులు ఒక్కొక్కటే వెతికి పట్టుకుని, ఒక్కొక్క చీటీనే వంతెన కిందినుంచి బయటికి తీశాడు. తెర మీద రేవు మళ్లీ మొలిచింది. దాని కింద పడవవాళ్ల మాటలు ఒకటొకటిగా ఒడ్డుకు చేరాయి. అమ్మాయి పెదవులు కదుపుతూ లెక్క చూసుకుంది. నూట నలభై మూడు. ఊపిరి వదిలింది.

ఆయన మాత్రం లేవలేదు. టెస్టరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పాత పద్ధతి తీసేశాడు. దాని స్థానంలో చిన్న గడి ఒకటి గీశాడు. రెండు వాక్యాలు రాశాడు, కొట్టేశాడు, మళ్లీ రాశాడు.

"మీ పుస్తకం కాదులెండి, ఇది నకలు. ఇందులో ఏదైనా ఒక శీర్షిక చెరిపి చూడండి."

అమ్మాయి చెరిపింది. తెర మధ్యలో గడి తెరుచుకుంది. పైకి చదివింది.

"'ఈ శీర్షిక ఇక ఉండదు. దీని కింద ఉన్నవి ఎక్కడికి వెళ్లాలి?'"

జవాబు ముందే నింపి లేదు. ఖాళీ జాగా, అందులో మినుకుమినుకుమంటూ ఒక సన్నని గీత.

"బావుందా?" అంటూ ఆయన మొదటిసారి తలెత్తాడు.

అమ్మాయి ఆ గడి మూసేసింది. ల్యాప్‌టాప్ మూసింది, సంచిలో పెట్టుకుంది, భుజానికి తగిలించుకుంది. తలుపు దాకా వెళ్లి, గాజు మీద చెయ్యి ఆనించి ఆగింది.

"బావుంది. పెద్దమ్మ గుమ్మంలో నా బట్టల మూట దించిన రోజు కూడా ఈ ప్రశ్న ఒక్కసారి అడిగి ఉండాల్సింది, నాన్నా."