మేజోళ్ళవారి మనవడు

“మీ తాత పేరు చెప్పరా,” అన్నాడు కుక్కుటేశ్వరరావు. అంటూనే పెద్దిరాజు తలను ఇనప మంచం కోడుకేసి కొట్టాడు.

అది అరబ్బు దేశంలో షుఐబా క్యాంపు, ఎనభై మూడు ఎండాకాలం, శుక్రవారం మధ్యాహ్నం. రూములో మిగతావాళ్ళంతా ఫహాహీల్ బజారుకు పోయారు. కూలరు మోతలో గొంతు చించుకున్నా పక్క రూముకు వినబడదు. పెద్దిరాజు వెల్డింగు హెల్పరు, బక్కమనిషి, దేశంలోకి కొత్తగా దిగాడు. అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు కూడా ఇంకా చేతికి రాలేదు. ఫోర్‌మన్‌గారు భోజనానికి పిలిచారు కదా అని తల దువ్వుకుని మరీ వచ్చాడు. వచ్చినవాడికి ఆయన వడ్డించింది ఇదీ!

“భీమరాజండి,” అన్నాడు నోట్లో నెత్తురు మింగుతూ.

“ఏ భీమరాజు?”

“సామర్లకోటండి. మేజోళ్ళోళ్ళ భీమరాజు.”

దొరికాడు. కుక్కుటేశ్వరరావు గోదావరి జిల్లాల నుంచి కొత్తగా దిగిన ప్రతివాణ్ణీ ‘ఏ ఊరు, ఎవరి తాలూకు’ అని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చింది ఈ ఒక్క మాట కోసమే. పొద్దున మెస్సులో వంటమనిషి మహమ్మద్ గౌస్ “మేజోళ్ళోళ్ళ పెద్దిరాజూ, ఇటు రా” అని కేకేసేసరికి ఆయన తింటున్న కంచం వదిలేసి లేచి, కుర్రాణ్ణి రూముకు భోజనానికి పిలిచాడు.

డొక్కలో తన్నాడు. వెన్నులో తన్నాడు. తన్నినకొద్దీ కోపం పెరిగిందే గాని తగ్గలేదు. తన్నుతూనే అసలు సంగతి చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సామర్లకోటలో సూరయ్య, భీమరాజు అని ఇద్దరు స్నేహితులు ఒక షెడ్డులో చేతి మిషన్లు పెట్టి, సిపాయిలకు మేజోళ్ళు అల్లేవాళ్ళు. సూరయ్య కాలు అల్లితే భీమరాజు మడమ తిప్పేవాడు. షెడ్డు మీద పెత్తనం ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగింది. భీమరాజు మిషను తిప్పే ఇనప పిడి ఊడబెరికి సూరయ్య నెత్తిన కొట్టి, ఆ సాయంత్రమే పెళ్ళాం బిడ్డల్ని కూడా వదిలేసి పారిపోయాడు. ఆ తరవాత వాళ్ళూ ఊరొదిలి ఎటో పోయారు. సూరయ్య మాట పడిపోయి, మంచంలోనే పుళ్ళు పడి పోయాడు. ఆ సూరయ్యే కుక్కుటేశ్వరరావు తాత.

“మా నాన్న పోతా పోతా నా చేత ఒట్టేయించుకున్నాడ్రా. ఆ వంశం ఎక్కడ కనబడితే అక్కడే తెంపెయ్యమన్నాడు.”

పైపు రెంచీ ఎత్తాడు. పెద్దిరాజు పాకుతూ వెళ్ళి గోడ మూల ఇరుక్కున్నాడు. ఇక పోవడానికి చోటు లేదు. రెండు చేతులూ జోడించాడు.

“నేను పుట్టకముందు సంగతండి. నాకో ఆడపిల్లుందండి, సూర్యావతి. దానికింకా నడకైనా రాలేదు.”

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. ఎవరో చేసిన పాపానికి ఎవణ్ణి చంపుతున్నాను అనుకున్నాడు కుక్కుటేశ్వరరావు. నేలంతా నెత్తురు. రెంచీ విసిరేసి, కింద కూలబడి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

తరవాత తనే లేచి దెబ్బలు కడిగాడు. ఒంటిమీది బనియను చింపి తలకు కట్టు కట్టాడు. పంచదార ఎక్కువేసి టీ కాచి ఇచ్చాడు. గోదావరివాళ్ళ రోగమే అది. నెత్తురు కారేలా కొట్టుకున్నా సరే, చేతికి టీ గ్లాసు వచ్చిందంటే వరసలు కలపకుండా ఉండలేరు.

“ఖలాస్. ఆ గొడవ ఈ రోజుతో సరి. మీ తాతా మా తాతా ఒకే కంచంలో తిన్నోళ్ళు. నన్ను అన్నయ్యా అను,” అన్నాడు.

“ఆయ్, అలాగేనండి అన్నయ్యగారు.”

చిట్లిన పెదవులతోనే పెద్దిరాజు ఒక్కొక్కటీ మర్యాదగా అడిగాడు. ఆ రోజు షెడ్డులో ఇంకెవరున్నారన్నాడు. మా నాన్నే, అప్పుడే మీసాలొస్తున్న వయసు, పారిపోతున్నవాణ్ణి పట్టుకోలేకపోయానని చచ్చేదాకా కుమిలాడు అని చెప్పాడు కుక్కుటేశ్వరరావు. మీకు అన్నదమ్ములా అంటే ఎవరూ లేరన్నాడు. పిల్లలంటే ఇద్దరూ మగపిల్లలే అని మురిసిపోయాడు. వాళ్ళెక్కడుంటున్నారంటే, స్టేషను వెనక మేడలో, మీ వదినా పిల్లలే ఉంటారు, సెలవుకెళ్ళినప్పుడు భోంచెయ్యకుండా కదిలావంటే ఊరుకోనన్నాడు. ఇంతకాలానికి మనసు తేలికపడి, అడిగిందీ అడగందీ కూడా చెప్పేశాడు.

“మరి ఆ షెడ్డేం చేశారండి?”

“నాన్న బతికున్నన్నాళ్ళూ దాని మీద చెయ్యి వెయ్యనిచ్చాడు కాదు. నేల గచ్చు చేయిద్దామన్నా ఒప్పుకునేవోడు కాదు. ఆయన పోయాకే అమ్మేశాను.”

పెద్దిరాజు తల ఊపాడు. గ్లాసు కడిగి బోర్లించి, కుంటుకుంటూ వెళ్ళి తలుపు గడియ పెట్టాడు.

“మా తాత ఎక్కడికీ పారిపోలేదండి అన్నయ్యగారు. మీరమ్మిన షెడ్డులో పునాదులు తీస్తే, మిషన్లున్న చోట వెండి మొలతాడుతో సహా దొరికాడు.”