ఏ గొట్టంగాడివి?

"వెలుతురుకు అడ్డం లేవయ్యా పెద్దాయనా!"

లేతు మేస్త్రి తల ఎత్తకుండానే కసిరాడు.

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన ఒక అడుగు పక్కకు జరిగాడు. చేతిలో రిపేరుకు తెచ్చిన వస్తువేదీ లేదు. సోడాబుడ్డి కళ్లద్దాల్లోంచి లేతు మిషను వైపే చూస్తున్నాడు.

మేస్త్రి దానికి బిగిస్తున్నది తన కూతురి రైఫిల్ గొట్టం. ఆ పిల్ల షూటింగ్ పోటీలకు వెళ్తుంది. ఆదివారం జట్టు ఎంపిక. ఈసారి తప్పితే జూనియర్ల వయసు దాటిపోతుంది, ఇక ఇంటికే. రైఫిలేమో మహా బరువు. నిలబడి గురి పెడితే భుజం లాగేస్తోంది. గొట్టాన్ని పైపైన కాస్త సన్నం చేస్తే సరిపోతుందని మేస్త్రి తీర్మానించాడు. ఇనుము ఏదైనా తన చేతిలో వెన్నముద్దేనని అతని నమ్మకం. తుపాకుల సంగతి తనకు తెలియదని ఒప్పుకునే రకం కాదు.

"దాన్ని కోస్తున్నావా నాయనా?"

"కనబడట్లా? సన్నం చేస్తున్నా. బరువు తగ్గాలి."

"బరువు తగ్గుతుంది. గురి కూడా తప్పుతుంది."

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది. "లోపలి బెజ్జం నేను ముట్టుకోవట్లేదు కదా! పైన తీస్తే గురికేం రోగం?"

"చేతి వణుకును ఆపేది గొట్టం బరువే. అంతగా అయితే భుజానికి ఆనించే వెనక చెక్కలో తగ్గించు. దీని జోలికి మాత్రం పోకు. ఇది పుట్టుకతో మొండిది, కాస్త ఎడమ వంకర. బతిమాలి బామాలి నిటారు చేసిన గొట్టం. పైతోలు తీశావంటే వేడెక్కగానే పాత బుద్ధి చూపిస్తుంది."

"ఇనుముకు బుద్ధులేంటయ్యా? దీని జాతకం కూడా చెబుతావా?"

స్టూలు మీద కూర్చున్న కూతురికి నవ్వొచ్చింది. ముసలాయన మొహం చూసి నవ్వు మానేసింది.

"జాతకం వద్దులే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వెలుతురుకు పెట్టి లోపలికి చూడనిస్తావా? చూసి వెళ్లిపోతాను."

"పోనీ చూడనియ్ నాన్నా. అరిగిపోతుందా?"

"నువ్వూరుకో! దారినపోయే ప్రతివాడికీ చూపించడానికి ఇదేమన్నా బయస్కోపా?" మేస్త్రి చేతిలోని పానా బల్ల మీదికి విసిరాడు. "అసలు నాకు చెప్పడానికి నువ్వు ఏ గొట్టంగాడివయ్యా?"

కూతురు సిగ్గుతో తల దించుకుంది.

ముసలాయనకు కోపం రాలేదు. ఎందుకో నవ్వాడు.

"సరిగ్గానే అన్నావు నాయనా," అని గుమ్మం తడుముకుంటూ మెట్లు దిగాడు.

"పిచ్చి మాలోకం," అన్నాడు మేస్త్రి.

లేతు తిరిగింది. ఇనుము చుట్టలు చుట్టలుగా రాలింది. గొట్టం అడుగున పిట్టబొమ్మలా చిన్న గీత ఒకటి ఉంటే అదీ రాలిపోయింది. పని అయ్యేసరికి గొట్టం సన్నగా, నున్నగా మెరిసిపోయింది.

"ఎంత తేలికైంది నాన్నా!" అంది కూతురు ఎత్తి చూసి.

మేస్త్రి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఆదివారం మొదటి గుండ్లు నడిమి చుక్కలోనే పడ్డాయి. వెనక బెంచీలో మేస్త్రి మీసం దువ్వాడు. "గొట్టం నేనే చెక్కా," అని పక్కవాళ్లకు అడక్కుండానే చెప్పాడు.

అంతలో గొట్టం వేడెక్కింది.

గుండు ఎడమకు జరిగింది. పిల్ల సరిచేసుకుంది. తర్వాతది ఇంకా ఎడమకు పోయింది. మళ్లీ సరిచేసుకుంది. తేలికైన రైఫిల్ చేతిలో నిలవనని ఊగులాడింది. 'ఎడమ వంకర' అన్న మాట మేస్త్రి చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. అతను ఇక టార్గెట్ వైపు చూడలేకపోయాడు.

జట్టులో కూతురి పేరు లేదు.

ఇంటికి రాగానే పిల్ల గుమ్మంలోనే రైఫిల్ పెట్టె తండ్రి చేతికిచ్చింది.

"బరువు బాగా తగ్గించావు నాన్నా. ఇక మొయ్యక్కర్లేదు కూడా."

చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు మేస్త్రి ముసలాయన కోసం వీధి వీధీ తిరిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎవరినడిగినా "ఏ ముసలాయన? పేరేంటి?" అన్నారు. పేరు అతను అడిగిందెక్కడ? తను పెట్టిన పేరొకటి ఉంది, అది చెప్పి అడగలేడు.

చివరికి రైఫిల్ తీసుకుని షూటింగ్ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ తుపాకుల గది చూసుకునే ఆవిడే అప్పట్లో తండ్రీకూతుళ్లకు ఆ రైఫిల్ ఇప్పించింది.

"అక్కా, దీనికి ఇలాంటిదే ఇంకో గొట్టం దొరుకుతుందా?"

ఆవిడ గొట్టం అడుగున బొటనవేలితో తడిమింది. తిప్పి మళ్లీ తడిమింది.

"ఇక్కడ పిట్ట ఉండాలే?"

"ఏదో గీత అనుకున్నా. తీసేశా."

ఆవిడ రైఫిల్‌ను బల్ల మీద పెట్టేసింది.

"పిట్ట గుర్తు గొట్టాలు ఇక రావు తమ్ముడూ. చేసేవాడు ఒక్కడే. వెలుతురుకు పెట్టి, వంకర ఎక్కడుందో కంటితోనే పట్టేవాడు. ఆ కళ్లే పోతున్నాయి పాపం."

"ఎవరక్కా ఆయన?" అన్నాడు మేస్త్రి.

"అదేంటి, నీ షెడ్డుకు రాలేదా?" అంది ఆవిడ. "చూపు పూర్తిగా పోయేలోగా తన చేత్తో చేసిన గొట్టాలన్నీ వెతుక్కుంటూ వెళ్లి ఒక్కోసారి చూసుకుని వస్తున్నాడు, చూడాల్సింది ఇక మీదొక్కటే అంటే నేనే పంపాను, చూపించావు కదా?"