రేపు రమ్మనే గుమాస్తా

"ఇది నాలుగోసారి సార్. మళ్ళా రేపు రమ్మంటా ఉండాడు."

హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడి మునస్వామి అన్న మాట అది.

ఎనభై ఒకటో సంవత్సరం, జూలై నెల. దామోదరం గారు ఆ హైస్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చి పదిరోజులే అయింది. సత్యవేడుకు ఐదు మైళ్ళ దూరంలో పెంకుల బడి. గదులు చాలక వేపచెట్ల కింద రెండు తరగతులు. గంటకు బదులు వేలాడే రైలు పట్టా ముక్క. రిటైరై తిరుపతిలో ఉంటున్న ఆయనకు ఆ బడి తలపుకొస్తే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. ఒక్క సంగతి దగ్గర మాత్రం మనసు చివుక్కుమంటుంది.

"ఏం కాగితం కావాలి నీకు?"

"మా సిన్నోడి టీసీ సార్. తొమ్మిదో తరగతి. మద్రాసు పక్కన కంపెనీలో పనిస్తామన్నారు. వయసుకు రుజువు కావాలంట."

ఎందుకు మాన్పిస్తున్నావని దామోదరం గారు అడగలేదు. అడగాలని తోచనూ లేదు. ఒక రైతును నాలుగుసార్లు తిప్పడమా అన్నదొక్కటే ఆయనకు తోచింది.

గుమాస్తా పేరు యతిరాజులు. నుదుట సన్నటి నామం, మోచేతుల దాకా మడిచిన చొక్కా, ఒంటిమనిషి. వచ్చి నాలుగేళ్ళయినా ఆయన సంగతి ఎవరికీ పెద్దగా తెలియదు. ఊళ్ళో మాత్రం 'రేపు రా అయ్యోరు' అనేవాళ్ళు. టీసీ అడిగితే చాలు, ఫారాలు అయిపోయాయనేవాడు, బీరువా తాళం ఇంట్లో మరిచాననేవాడు. చేయి తడిపితే గాని పని కాదేమో అనుకున్నవాళ్ళున్నారు. తడపబోయి తిట్లు తిన్నవాళ్ళూ ఉన్నారు.

దామోదరం గారు విసురుగా వెళ్ళి గుమాస్తా సొరుగు లాగారు. లోపల తొమ్మిది టీసీ దరఖాస్తులు.

"ఏమయ్యా, గుడ్లు పొదుగుతున్నావా వీటిమీద?"

యతిరాజులు లేచి నిలబడ్డాడు.

"ఈయన కొడుకు లెక్కల్లో మంచోడు సార్."

"లెక్కలు చూసేదానికి మాస్టర్లున్నారు. నీది కాగితం రాసే పని."

"ఇంకొక్క వారం ఓపిక పట్టండి సార్."

"ఒక్క గంట కూడా పట్టను."

దగ్గర కూర్చుని తొమ్మిదీ రాయించారు. తానే సీలు గుద్దారు. మునస్వామి రెండు చేతులా దండం పెట్టి టీసీ తీసుకుపోయాడు. ఆ పూట దామోదరం గారికి అన్నం మహా రుచిగా ఉంది.

యతిరాజులు మీద పైకి రాశారు. నెల తిరిగేసరికి తడ హైస్కూలుకు బదిలీ వచ్చింది. ఆయన రేకుపెట్టె ఎత్తుకుని బస్సెక్కిపోయాడు. టీ నీళ్ళు పోసి సాగనంపినవాళ్ళు కూడా లేరు.

కొత్త గుమాస్తా చురుకైనవాడు. అడిగిన పూటే టీసీ. కొత్త హెడ్మాస్టరు వచ్చాక ఆఫీసు బాగుపడిందని ఊరంతా మెచ్చుకుంది.

దసరా నాటికి తొమ్మిదో తరగతిలో రెండు బెంచీలు ఖాళీ. అర్ధ సంవత్సరం పరీక్షలకు నాలుగు.

"వానల్లేవు సార్, శెనక్కాయలు ఎండిపాయ. పిల్లకాయల్ని పనికి పంపేస్తా ఉండారు," అని మాస్టర్లు తేల్చేశారు.

వానలు అంతకుముందు రెండేళ్ళూ లేవు. అప్పుడు పోని పిల్లలు ఇప్పుడెందుకు పోతున్నారో దామోదరం గారికి అంతుపట్టలేదు. మనిషి చెడ్డవాడు కాదు. ఖాళీ బెంచీలు చూసి నిజంగానే దిగులుపడ్డారు. నిద్ర పట్టక, చివరికి చిత్తూరు వెళ్ళి పెద్ద ఆఫీసరు ముందు నిలబడ్డారు.

"పాఠాలు చెప్పేదానికి కాదండీ. బడి మానేస్తామనే పిల్లలతో, వాళ్ళ అమ్మానాయనలతో కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. ఒక్క పోస్టు ఇప్పించండి."

ఆఫీసరు నవ్వాడు.

"సుద్దముక్కలకే దిక్కులేదు. మాట్లాడేవాడికి జీతమా? అలాంటి పోస్టు ప్రభుత్వంలోనే లేదు దామోదరం గారూ."

ఉసూరుమంటూ తిరిగొచ్చి సత్యవేడు బస్టాండులో దిగారు. మద్రాసు బస్సు కోసం మునస్వామి నిలబడి ఉన్నాడు.

"కొడుకు దగ్గరికా?"

"అవును సార్. మిషన్లో సెయ్యి నలిగిందంట. సూసొస్తామని." బస్సొచ్చే దారికేసి చూసి, "ఆ రేపు రా అయ్యోరు యాడుండాడు సార్?" అన్నాడు.

"తడలో. ఏం, నిన్ను తిప్పింది చాలదా?"

"మూడేండ్ల కింద మా పెద్దోడికి గూడా టీసీ అడిగినాను సార్. పదకొండు తూర్లు తిప్పినాడు. పోయినప్పుడంతా తాళం లేదు, కూసోప్పా అంటాడు. పిల్లోణ్ణి పిలుచుకోని రమ్మంటాడు. వాణ్ణొకతట్టు, నన్నొకతట్టు కూసోబెట్టి మాట్లాడతాడు. సైకిలేసుకోని ఇంటికొచ్చి మా ఇంట్లోదానితో గూడా మాట్లాడినాడు. ఆకరికి టీసీ మాట నేనే మరిసిపోయినాను. వాడిప్పుడు తిరపతిలో కాలేజీ సదువుతా ఉండాడు సార్."

"ఆ రోజు నాతో ఎందుకు చెప్పలేదు?"

"అది నాలుగోతూరే గదా సార్. ఆయన మింద నాకింకా కోపం దిగలేదు. మీరు ఆ పూటే ఇచ్చేస్తిరి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే దామోదరం గారికి కాస్త తేలికగా ఉండేది.

బస్సొచ్చింది. మునస్వామి ఎక్కి వెళ్ళిపోయాడు.

ప్రభుత్వంలోనే లేదన్న ఆ పోస్టులో తన బడిలో నాలుగేళ్ళపాటు ఒక మనిషి పనిచేశాడని, ఆ మనిషి పనికిరాడని సంతకం పెట్టింది తానేనని దామోదరం గారికి అప్పుడు తెలిసింది.